సాంచాల చప్పుడులో అన్న మాటలు

నోరు తెరిచి మాట్లాడిన వాళ్లకే ఫీల్డ్‌వర్క్ మార్కులు వేస్తానని ధనుంజయ్ సారు చెప్పిన రోజు, నా చదువు అయిపోయినట్టే అనుకున్నాను.

జగిత్యాల డిగ్రీ కాలేజీలో చేరి ఏడాది దాటింది. నా గొంతు ఎలా ఉంటుందో సారుకు ఇప్పటికీ తెలియదు. పోయిన సెమిస్టరులో సెమినారు రోజు బల్ల వెనక నిలబడి నేను కాగితం వైపు చూశాను, కాగితం నా వైపు చూసింది, ఇద్దరం ఏమీ అనుకోకుండా విడిపోయాం. సారు సున్నా వేశారు. ఈసారి కూడా సున్నా వస్తే సోషియాలజీ తప్పుతాను. తప్పితే జగిత్యాలలో ఒక బట్టల షోరూంలో సేల్స్‌గర్ల్‌గా చేరాలి. అక్కడ వాచ్‌మన్‌గా ఉన్న మా దేవదాస్ మామ ఆ కొలువు నా కోసం మాట్లాడి పెట్టాడు. కూలికి పోయి నన్ను చదివిస్తున్న మా అమ్మ కూడా సరేనంది.

"పాసైతే సదువు బిడ్డ. కాకుంటే కొలువుకు పో. నడుమల ఇంట్ల కూసునుడు మాత్రం లేదు" అంది.

షోరూంలో పొద్దంతా మాట్లాడటమే పని అని అమ్మకు ఎవరూ చెప్పలేదు. రండి మేడం, కూర్చోండి మేడం, ఇందులో ఇంకో రంగు ఉంది మేడం. కాలేజీలో ఒక్కసారి నోరు తెరవలేని దానిని, అక్కడ సాయంత్రం దాకా తెరిచి పెట్టుకోవాలి. అందుకని ఎలాగైనా కాలేజీలోనే పాస్ కావాలి.

సారు చెప్పే పేపరులో సామాజిక సిద్ధాంతం, ప్రపంచీకరణ, పట్టణీకరణ, పని అని భాగాలున్నాయి. నాకు అర్థమైనంతలో సామాజిక సిద్ధాంతం అంటే, గడ్డాలు పెంచిన పరదేశపు పెద్దమనుషులు ఒక ఫ్యాక్టరీ గేటు బయట నిలబడి, లోపల ఏం జరుగుతోందో తమలో తాము పోట్లాడుకోవడం. ప్రపంచీకరణ అంటే మా క్లాసు మంజుల వాళ్ల నాన్న మస్కట్‌లో ఉండటం, ఆయన పంపిన ఫోను మంజుల చేతిలో ఉండటం. పట్టణీకరణ అంటే మల్యాల దాటాక మా ఊరి రోడ్డు పక్కన వరి చేలో ప్లాట్లకని తెల్లరాళ్లు పాతి, దానికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టడం. పని అనే భాగం పుస్తకంలో చివర ఉంది. సారు ఇంకా అక్కడికి చేరలేదు. మా అమ్మ మాత్రం రోజూ తెల్లవారుజామునే చేరుతుంది.

ఫీల్డ్‌వర్క్‌కి ఇద్దరిద్దరు చొప్పున జట్లు కట్టమన్నారు. నేను మంజులతో కట్టాను. మంజులది కోరుట్ల. ఇద్దరికి సరిపడా మాటలు తనే మాట్లాడుతుంది కాబట్టి మా స్నేహానికి ఏ లోటూ లేదు. వాళ్ల మేనమామ మహిపాల్‌కి సిరిసిల్లలో సాంచాల షెడ్డు ఉంది. కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు, వాటి యజమానిని ఆసామి అంటారు. ఆ షెడ్డులో పనివాళ్లను ప్రశ్నలడిగి రావాలని అనుకున్నాం. కానీ కిందటేడు పిల్లలు హాస్టల్లో కూర్చుని, ఒకరు నేతకార్మికుడిలా ఇంకొకరు విద్యార్థిలా మాట్లాడుకుని జవాబులు రాసుకొచ్చారట. అందుకని ఈసారి సారు కూడా మాతో బయలుదేరారు. ఎవరు ప్రశ్న అడిగారో, ఎవరు అడగలేదో తన కళ్లతో చూస్తారట.

వేములవాడ దాకా బస్సు రాజన్న గుడికి పోయే భక్తులతో, గుడిలో కోడెను కట్టే మొక్కుల కబుర్లతో నిండిపోయింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి మాకు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇచ్చారు. సారుకు మాత్రం అసలు టికెట్ కొట్టారు. ఆ బాధలోంచి ఆయన సంక్షేమ రాజ్యం గురించి మొదలుపెట్టి వేములవాడ బస్టాండు వచ్చే దాకా చెప్పారు. పక్కన గుండు చేయించుకోవడానికి పోతున్న ఒక పెద్దాయన భక్తిగా విన్నాడు. దిగేటప్పుడు సారుకు దండం కూడా పెట్టాడు.

సిరిసిల్లలో మహిపాల్ మామ షెడ్డు ముందు బండి దగ్గర నిలబడి మా కోసం ఎదురుచూస్తున్నాడు. ఒకప్పుడు ఆయనా ఇంకొకరి దగ్గర సాంచాలు నడిపినవాడే, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడని మంజుల చెప్పింది. ఆయన షెడ్డు తలుపు తీశాడు.

ఆ చప్పుడు ఎలా చెప్పాలో నాకు తెలియదు. రేకుల కప్పు మీద వడగళ్లవాన పడుతుంటే, ఆ రేకు కింద పెళ్లి బ్యాండు వాయిస్తుంటే, ఆ బ్యాండులోకి లారీ దూరినట్టు ఉంది. పళ్లు కూడా వణికాయి. సారు లోపలికి వచ్చి, నాకు, మంజులకు తలొక కాగితం ఇచ్చి ఏదో చెప్పారు. ఏం చెప్పారో వినిపించలేదు. సారు మాట్లాడుతుండగా వినపడకపోవడం అదే మొదటిసారి. నాకు అప్పుడే ఆ చోటు కొంచెం నచ్చింది.

కాగితం మీద సారు స్వయంగా తయారుచేసిన ప్రశ్నలున్నాయి. మొదటిది ఇది: మీరు ఉత్పత్తి చేసే వస్తువు నుండి మీరు పరాయీకరణకు గురవుతున్నారా? ఎ) ఎక్కువగా బి) కొంతవరకు సి) లేదు.

మంజుల ఈ ప్రశ్నను రాజన్న అనే పెద్దాయన చెవిలో అరిచింది. ఆయన నాలుగు సాంచాల మధ్య తిరుగుతూ, తెగిన పోగులు ముడేస్తూ, తల ఊపాడు. మంజుల మళ్లీ అరిచింది. ఆయన మళ్లీ తల ఊపి, ఈసారి నవ్వాడు కూడా. మంజుల 'బి' దగ్గర టిక్కు పెట్టింది. అలా కొన్ని ప్రశ్నలు అరిచాక దాని గొంతు చీలిపోయి, నీళ్ల కోసం బయటికి పరుగెత్తింది. నూలు దుమ్ముకు సారు అంతకుముందే తుమ్ముతూ బయటికి వెళ్లి, గోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. చాయ్ తాగి వచ్చి నా సంగతి చూస్తానని చేతితో సైగ చేశారు.

సాంచాల మధ్య నేను ఒక్కదాన్ని మిగిలాను. నా ముందు రాజన్న. గోడ వారన నూలు కండెలు చుడుతున్న వనిత అనే అమ్మాయి, నాకంటే కొంచెం పెద్దది. అవతలి సాంచాల మీద ఇంకొందరు పనివాళ్లు. స్విచ్చుబోర్డు దగ్గర బల్ల వేసుకుని మహిపాల్ మామ. షెడ్డు మొత్తానికి ఒకటే ఫ్యాను ఉంది. అది ఆయన బల్ల మీదికి తిరిగి ఉంది.

నోరు తెరుద్దామని చూశాను. ముందు నీల అని నా పేరు చెప్పి చూసుకున్నాను. నాకే వినపడలేదు. కొంచెం గట్టిగా చెప్పాను. అప్పుడూ వినపడలేదు. అరిచాను. ఏమీ లేదు. నా మాట నా పెదవుల దగ్గరే చచ్చిపోతోంది. ఎవరూ వినని చోట మాట్లాడితే ఏం నష్టం అనిపించింది. సెమినారులో నన్ను భయపెట్టిన ఆ నిశ్శబ్దం ఇక్కడ లేదు. ఎవరైనా నవ్వుతారేమో అనే భయమూ లేదు.

అంతే, మొదలుపెట్టాను.

మొదట కాగితాన్ని తిట్టాను. ఈ గుడ్డ చూస్తే పరాయీకరణ కాదు, గోక్కోబుద్ధి అవుతుందన్నాను. ఏ, బీ, సీ అని పెట్టడానికి మనిషి బతుకేమన్నా టిఫిన్ సెంటరా, ఇడ్లీ కావాల్నా దోశ కావాల్నా అని అడగడానికి అన్నాను. తర్వాత మంజులను అందుకున్నాను. రోజూ నా డబ్బాలో కూర తిని, తిన్నాక ఉప్పు తక్కువైందని చెబుతుందన్నాను. ఆసామి మామను చూపిస్తూ, ఇంతమంది చెమటలు కక్కుతుంటే ఫ్యాను గాలి ఆయన పొట్టకే సరిపోవడం లేదు, పాపం అన్నాను. పొట్ట గురించి ఇంకొంచెం కూడా అన్నాను. ఆ తర్వాత సారును పట్టుకున్నాను. ఆయన గురించి చాలా అన్నాను. ఇక్కడ రాయను, కాసేపట్లో ఎలాగూ బయటికి వస్తుంది.

ఎంత హాయిగా ఉందో. చేతులు కూడా ఊపుతున్నాను. ఏడాది పొడుగునా లోపల పేరుకున్న మాటలన్నీ గట్టు తెగిన నీళ్లలా వస్తున్నాయి. నడుమ రాజన్న భుజాలు కదులుతుంటే దుమ్ముకు దగ్గుతున్నాడనుకున్నాను. వనిత చున్నీ నోట్లో కుక్కుకుంటే అదీ దుమ్మే అనుకున్నాను. మహిపాల్ మామ తలెత్తి ఫ్యాను వైపు చూసి, తన పొట్ట వైపు చూసుకుని, నా వైపు చూశాడు. అప్పుడు మాత్రం కొంచెం అనుమానం వచ్చింది.

వనిత కండెలు వదిలేసి వచ్చి నా చెవికి నోరు ఆనించి అరిచింది.

"ఆపకు పిల్లా. ఆసామి ముచ్చట ఇంకోపారి చెప్పు."

నీకెలా తెలుసని చేతితో సైగ చేశాను. అప్పుడు చెప్పింది. ఈ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదట. అందుకని ఇక్కడ మాట వినరు, చూస్తారట. చిన్నప్పటి నుంచి సాంచాల మధ్య పనిచేసిన వాళ్లు ఆ మూల నుంచి ఈ మూలకు పెదవులు చూసే ముచ్చట పెట్టుకుంటారు, కొట్లాడుకుంటారు, పెళ్లిళ్లు కూడా కుదుర్చుకుంటారు. నా పెదవులు మంచిగా, పెద్దగా కదులుతాయట. చదవడానికి సినిమా పోస్టరంత సుఖంగా ఉందట.

ఈ సంగతి మంజులకు తెలుసు. నాకు చెప్పడం మరిచిపోయింది. ప్రపంచంలోని సమస్త విషయాలూ చెప్పి, ఇదొక్కటి మరిచిపోయింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచాలు ఒక్కొక్కటే మూలిగి ఆగిపోయాయి. చెవుల్లో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. చాయ్ గ్లాసు పట్టుకుని సారు లోపలికి వచ్చారు. వెనకే మంజుల కూడా వచ్చింది.

ఇప్పుడు చప్పుడు లేదు కదా, ఇక సాకు కూడా లేదు అన్నారు సారు. ఒక్క ప్రశ్న అడిగితే చాలు, పాస్ మార్కులు వేసేస్తానన్నారు. జేబులోంచి కలం తీశారు. అందరూ పని ఆపి నా వైపు చూస్తున్నారు. నా నాలుక మళ్లీ పాత చోటికి వెళ్లి పడుకుంది. ఎంత లేపినా లేవలేదు. సారు నా పేరు పక్కన కలం ఆనించారు. బట్టల షోరూం అద్దాల తలుపు నా కళ్లకు కనిపించింది.

"ఆగుండ్రి సార్" అన్నాడు రాజన్న. "గా పిల్లకు సున్నా ఏస్తే పాపం తల్గుతది. మీరు బయట కూసున్నప్పటిసంది మాట్లాడుతనే ఉన్నది."

సారు నమ్మలేదు. ఈ అమ్మాయి కాలేజీలో చేరినప్పటి నుంచి మాట్లాడలేదు, మీ దగ్గర మాట్లాడిందా అని నవ్వారు. వనిత కూడా ముందుకు వచ్చి అవును సార్, మస్తు మాట్లాడిందని సాక్ష్యం చెప్పింది. సారు మాకు పరిశోధనా పద్ధతులు కూడా చెబుతారు. సాక్ష్యాన్ని పరీక్షించకుండా తీసుకోకూడదని ఆయన నమ్మకం. అయితే ఏమడిగిందో చెప్పండి అన్నారు.

నేను మాట్లాడలేదని తేలితే సున్నా. ఏం మాట్లాడానో తేలితే సున్నా కన్నా కింద ఏదైనా ఉంటే అది.

సాంచాల పని ఎప్పుడు నేర్చుకున్నావని అడిగిందన్నాడు రాజన్న, కళ్లు కూడా ఆర్పకుండా. వనిత అంతకంటే ధైర్యస్తురాలు. మీ పిల్లలు ఏం చదువుతున్నారని తనను అడిగిందని చెప్పేసింది.

"నీకు లగ్గమే కాలె గదనే" అన్నాడు మహిపాల్ మామ బల్ల దగ్గరి నుంచి.

"అయినంక ఏం సదివిస్తవని అడిగింది" అంది వనిత.

షెడ్డంతా నవ్వింది. మహిపాల్ మామ నవ్వలేదు. ఆయన లేచి వచ్చాడు. పొట్ట ముందు వచ్చింది, ఆయన వెనక వచ్చాడు.

"సార్, గీళ్లిద్దరు అబద్ధమే చెప్తుండ్రు. నేను గూడ సాంచ నడిపినోన్నే, నాకు కండ్లున్నయి. గీ పిల్ల మాట్లాడింది నిజమే. నన్నేదో అన్నది, అది నేను సూసుకుంట. గానీ మిమ్ముల గూడ అన్నది. గది మీకు చెప్పుడు నా ధర్మం."

సారు చాయ్ గ్లాసు కింద పెట్టారు. "నన్నా? ఏమన్నది?"

మహిపాల్ మామ గొంతు సవరించుకున్నాడు. ఆయన ముఖంలో సంతోషం చూశాను. నా మాటలు ఆయన నోట్లోంచి వస్తే ఎలా ఉంటాయో తెలిసిపోయింది. ఉన్నదానికి ఇంత కారం, ఇంత చింతపండు కలిపి వడ్డిస్తాడు. తిట్టింది నేను, కనీసం నా తిట్టు నాదిగా ఉండాలి అనిపించింది. ఎలాగూ పోయే చదువే.

"నువ్వు చెప్పకు మామా. నేనే చెప్త" అన్నాను.

అది మామూలు గొంతు కాదు. సాంచాల చప్పుడుకు పెంచిన గొంతు ఇంకా దించలేదు. నిశ్శబ్దంలో అది మైకులో పడ్డట్టు మోగింది. కప్పు మీది పావురం ఒకటి లేచిపోయింది. సారు ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంత దూరం వచ్చాక ఆగడం ఎలాగో నాకు తెలియలేదు.

"మీరు గంట కొట్టినకాంచి మళ్ల గంట కొట్టేదాంక మీరే మాట్లాడ్తరు సార్. నడుమల ఊపిరి గూడ తీసుకోరు. నేను ఎప్పుడు మాట్లాడాలె? నీలకు నోరు లేదని మీరంటరు. మీకు చెవులు లెవ్వని నేనన్న."

మంజుల నోరు మొదటిసారి ఊరికే తెరుచుకుని ఉంది.

"ఇంకా?" అన్నారు సారు, చాలా మెల్లగా.

"ప్రశ్నలు మీరే రాసిండ్రు, జవాబులు గూడ మీరే రాసిండ్రు. ఇగ రాజన్న పెద్దబాపును అడుగుడెందుకు, టిక్కు గూడ మీరే కొట్టుకుంటే అయిపోవు గద అన్న."

"ఇంకా?"

"గంతే సార్."

అది అబద్ధం. ఆయన జుట్టుకు వేసే రంగు గురించి కూడా అన్నాను. అది చెవుల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అయిపోతుందో నా అభిప్రాయం ఒకటి చెప్పాను. వనిత గట్టిగా దగ్గింది. మహిపాల్ మామ నోరు తెరవబోతే రాజన్న ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ఒక్కటీ సిరిసిల్లలోనే ఉండిపోయింది.

సారు నా చేతిలోని కాగితం తీసుకుని, తన ప్రశ్నలు పైనుంచి కిందిదాకా చదువుకున్నారు. తర్వాత దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నోరు తెరిస్తే మార్కులని చెప్పింది నేనే" అన్నారు. "గిట్ల తెరుస్తవనుకోలే. సరే. ఇప్పుడు కాగితం లేకుంట అడుగు."

కాగితం లేకుండా నాకు వచ్చిన ప్రశ్న ఒక్కటే. మహిపాల్ మామ వైపు తిరిగాను. ఈసారి గొంతు కొంచెం దిగింది. గాలి మీ ఒక్కరి దిక్కే ఎందుకు పోతుంది మామా అని అడిగాను.

ఆయన నన్ను కొట్టేలా చూశాడు. కానీ సారు ఉన్నారు, మేనకోడలు ఉంది, పనివాళ్లంతా ఉన్నారు, కరెంటేమో లేదు. జవాబు చెప్పక తప్పలేదు. సాంచాల మీదికి గాలి పెడితే దుమ్ము లేస్తుంది, పోగులు తెగుతాయి అన్నాడు. తెగితే గుడ్డ పాడవుతుంది. తను నడిపిన రోజుల్లో అసలు ఫ్యానే లేదని కూడా కలిపాడు.

"నిజమే" అన్నాడు రాజన్న. "పోగులకు గాలి పడది. మనుషులకు పడ్తది. గది మాత్రం ఎవలూ అడుగలే."

గోడకు పైన కిటికీలు పెట్టించమని ఎప్పటి నుంచో అడుగుతున్నామని ఒకరన్నారు. పెట్టిస్తానని ఆసామి ఎప్పటి నుంచో అంటున్నాడని ఇంకొకరన్నారు. మహిపాల్ మామ నూలు ధర ఎత్తుకున్నాడు, ఆర్డర్లు ఎత్తుకున్నాడు. వనిత ఎండాకాలం ఇక్కడ కళ్లు తిరిగి పడిన సంగతి ఎత్తుకుంది. ఒకరి మీద ఒకరు మాట్లాడుతున్నారు. నేను నడుమ నడుమ ఎందుకు, ఎప్పుడు, ఎవరు అని అడుగుతున్నాను. అవి పెద్ద ప్రశ్నలేమీ కావు. మంజుల గొంతు పోయింది కాబట్టి రాసుకుంటోంది. సారు కూడా అక్కడే నిలబడ్డారు. ఒకటి రెండుసార్లు ఏదో చెప్పాలని పెదవులు కదిలాయి. మాట మాత్రం బయటికి రాలేదు.

కరెంటు వచ్చి సాంచాలు మళ్లీ మొదలయ్యాక, ఇందాక సారు పెదవుల మీద ఏముందో చదివావా అని వనిత చెవిలో అడిగాను.

"పరాయోళ్లు అని ఏదో అన్నడు" అంది. "ఎవలనే, మమ్ములనా?"

పాసయ్యాను. మరీ మంచి మార్కులు కాదు. 'ప్రశ్నలు బాగున్నాయి, భాషలో మర్యాద పాటించాలి' అని పక్కన రాశారు. అమ్మకు చెబితే, ఎవరిని ఏమన్నావే అని ముందు అడిగింది. తర్వాత దేవదాస్ మామకు ఫోన్ చేసి, ఆ కొలువు వేరే ఎవరికైనా చూడమంది. మామకు కోపం వచ్చింది. అంత మంచి ఏసీ షోరూం ఎవరు వదులుకుంటారని అడిగాడు. మంజుల నా కూర తినడం మానలేదు. ఉప్పు సంగతి ఎత్తడం మాత్రం మానేసింది. మహిపాల్ మామ ఇంకా ఏ కిటికీ పెట్టించలేదు. నా మీద కోపం మాత్రం పోలేదట. వాళ్ల ఇంట్లో పెళ్లికి మంజుల స్నేహితురాళ్లందరినీ పిలిచి నన్ను వదిలేశాడు.

తర్వాతి సోమవారం సారు క్లాసుకు వచ్చారు. పని గురించిన భాగం ఎట్టకేలకు మొదలుపెట్టారు. ఒక వాక్యం చెప్పారు. రెండోది చెప్పారు. అప్పుడు హఠాత్తుగా ఆగి, బల్లను రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి తీసుకుని, మాలో ఎవరైనా మాట్లాడతారేమోనని మా వైపు చూస్తూ నిలబడ్డారు. క్లాసులో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ఇంతకుముందు ఎప్పుడూ ఇలా కాలేదు. చివరికి మంజుల గాభరాగా లేచి, ఛాతీల నొప్పి లేస్తుందా సార్, నీళ్లు తేవాల్నా అని అడిగింది.